ఇంటి పక్క యూటీ డాలసా, ఇండియానాలో పర్డ్యూనా: ఏది మేలు?

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండే మా స్నేహితుడి ఇంట్లో ఏప్రిల్ నెలంతా ఒకటే చర్చ. అమ్మాయికి యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్) డాలస్‌లో కంప్యూటర్ సైన్స్, టెక్సాస్ ఏ అండ్ ఎంలో ఇంజినీరింగ్, ఇండియానాలోని పర్డ్యూలో కంప్యూటర్ సైన్స్ వచ్చాయి. యూటీ ఆస్టిన్‌లో సీటు రాలేదు. అక్కడ ఆటోమేటిక్ సీటు కావాలంటే ఇప్పుడు బడిలో టాప్ 5 శాతంలో ఉండాలి, ఫ్రిస్కో బళ్లలో అదేమన్నా మాటలా! మిషిగన్ కూడా పిలిచింది కానీ, బయటి రాష్ట్రం పిల్లలకు అక్కడ ట్యూషనే ఏడాదికి 60 వేల డాలర్లు దాటిందని చూశాక ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మన ఎంసెట్‌లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకే ఉన్నట్టు, ఇక్కడా లోకల్, నాన్-లోకల్ గొడవ ఉంది. ఆస్టిన్ కొత్తగా చేర్చుకునే వాళ్లలో 90 శాతం టెక్సాస్ పిల్లలే ఉండాలని చట్టం. నార్త్ కరోలినా రాష్ట్రం తన చాపెల్ హిల్ యూనివర్సిటీలో బయటివాళ్లను 18 శాతం దగ్గర ఆపేస్తుంది. తేడా ఏమిటంటే, ఇక్కడ నాన్-లోకల్ సీటుకి ధర కూడా వేరు.

పర్డ్యూ ఈ విషయంలో కాస్త నయం. 2013 నుంచి ట్యూషన్ పెంచలేదు. ఇండియానా పిల్లలకు 9,992 డాలర్లు, బయటివాళ్లకు 28,794. టెక్సాస్‌లో మనకు సుమారుగా 12 నుంచి 15 వేల మధ్య పడుతుంది. అంటే నాలుగేళ్లకు ట్యూషన్ తేడానే సుమారు 60 వేలు. పిల్ల ఇంట్లోంచే యూటీ డాలస్ ఉన్న రిచర్డ్‌సన్ వెళ్లొస్తే డార్మ్ (హాస్టల్), తిండి ఖర్చు కూడా మిగులుతుంది. అదీ కలిపితే తేడా లక్ష డాలర్లకు చేరుతుంది. విమానం టికెట్లు వేరే.

ఈ లక్ష అప్పుతో పూడ్చేద్దామనుకుంటే కష్టం. పిల్లల పేరు మీద ఫెడరల్ లోన్ నాలుగేళ్లకు 27 వేలకు మించి రాదు. తల్లిదండ్రులు తీసుకునే ప్లస్ లోన్‌కి కూడా 2026 జులై నుంచి ఏడాదికి 20 వేలు, మొత్తం మీద 65 వేలు అని గీత గీశారు. మిగతాది ప్రైవేటు లోన్, మన సంతకంతో.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సలహా ఒకటుంది: "మొదటి ఏడాది కట్టెయ్యండి అన్నయ్యా, రెండో ఏడాది నుంచి ఇన్-స్టేట్ (సొంత రాష్ట్రం ఫీజు) అయిపోతుంది." అలా అవ్వదు. మన మీద ఆధారపడిన పిల్లకి మన ఇల్లున్న రాష్ట్రమే సొంత రాష్ట్రం. చదువు కోసం వెళ్లి అక్కడున్న రోజులు మామూలుగా లెక్కలోకి రావు.

ఇక మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు సంగతి. నా దృష్టిలో అసలు తేల్చాల్సింది ఇదే. ఏ అండ్ ఎంలో ఇంజినీరింగ్ అంటే మొదటి ఏడాది జనరల్. ఆ తర్వాత మార్కులను బట్టి బ్రాంచి. 3.75 జీపీఏ వస్తే అడిగిన బ్రాంచి ఖాయం, తగ్గితే పోటీ పడాలి. ఇంటర్ అయ్యాక మళ్లీ ఎంసెట్ రాసినట్టు ఒక ఏడాది టెన్షన్. పర్డ్యూలో కంప్యూటర్ సైన్స్ సీటు మొదటి రోజు నుంచే చేతిలో ఉంటుంది. అందుకే పోటీ ఏ అండ్ ఎంకీ పర్డ్యూకీ మధ్యే అయితే, పిల్ల కంప్యూటర్ సైన్సే అని గట్టిగా ఉంటే, పొదుపు చేసిన డబ్బుంటే, నేను పర్డ్యూకే ఓటేస్తాను. కానీ యూటీ డాలస్ కూడా అదే సీటు ఇస్తోందిగా, అందుకే నా ఓటు దానికే! పేరు పర్డ్యూదే పెద్దది, కాదనను. కంపెనీలు అక్కడికి వెతుక్కుంటూ వస్తాయి. డాలస్ పిల్లలకు చుట్టుపక్కలే బోలెడు కంపెనీలున్నా, ఇంటర్న్‌షిప్ కోసం వాళ్లే తలుపులు తట్టాలి. ఆ చొరవ లేని పిల్ల అయితే నా జవాబు మారుతుంది.

ఇంకో చిన్న లెక్క: ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, బడిలో ఉండగానే రాసే కాలేజీ స్థాయి) పరీక్షల్లో 3 వస్తే మామూలుగా చాలు, టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీలు క్రెడిట్ ఇవ్వాలని రాష్ట్ర చట్టం. ఏడెనిమిది ఏపీలు రాసిన పిల్లకి ఒక సెమిస్టర్ తగ్గినా తగ్గొచ్చు.

మా స్నేహితుడి వాళ్లు పౌరులు కాబట్టి వీసా బెడద లేదు. పిల్లలు హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న ఇళ్లలో కథ వేరు. ఫెడరల్ లోన్ దొరకదు. 21 ఏళ్లు నిండితే హెచ్-4 పోతుంది, మామూలుగా ఎఫ్-1 (విద్యార్థి వీసా)కి మారాలి. అది మూడో ఏడాదిలోనో నాలుగో ఏడాదిలోనో వస్తుంది. అప్పుడు ఇన్-స్టేట్ ఫీజు నిలుస్తుందా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. చేరకముందే రిజిస్ట్రార్ ఆఫీసుకి ఈమెయిల్ రాసి, జవాబు దాచుకోండి. బయటి రాష్ట్రంలోనూ అడగాలి. పర్డ్యూలాంటి చోట విదేశీ విద్యార్థులకు ఫీజు ఇంకాస్త ఎక్కువ.

వదిన వాదన మాత్రం డబ్బు గురించి కాదు. "ఇంట్లోనే ఉంటే దానికి లోకం ఎప్పుడు తెలుస్తుంది? నన్ను పదిహేనేళ్లకే విజయవాడ హాస్టల్లో పడేశారు" అంది. ఆ హాస్టల్లో ఆవిడకి తెలిసిన లోకం స్టడీ అవర్లూ, నీళ్ల సాంబారూ అని మా స్నేహితుడు గుర్తు చేశాడు.

డిపాజిట్ గడువు మే 1. మూడు రోజుల ముందు యూటీ డాలస్‌కి కట్టేశారు, రోజూ వెళ్లి రావడానికి కారు కొనివ్వాలన్న షరతు మీద. పద్దెనిమిదేళ్ల పిల్లకి కారు ఇన్సూరెన్స్ ఎంతవుతుందో నా లక్ష డాలర్ల లెక్కలో వెయ్యలేదు.