రెండు జీబీ సర్వర్‌పై ఎన్‌జిన్‌ఎక్స్, పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం: ఏడాది వాడకం తర్వాత

నల్లగొండ గడియారం సెంటర్‌కు దగ్గరలోని ఒక కోచింగ్ సెంటర్ వెబ్‌సైట్‌ను నేను చూసుకుంటాను. ఆదివారం పరీక్ష ఫలితాలు పెట్టగానే మిర్యాలగూడ, దేవరకొండ, సూర్యాపేటల నుంచి విద్యార్థులందరూ ఒకేసారి ఫోన్లలో సైటు తెరుస్తారు. సరిగ్గా ఆ పది నిమిషాల్లోనే మా సర్వర్ ఆగిపోయేది.

అప్పట్లో అపాచీ అనే వెబ్ సర్వర్‌ను ప్రీఫోర్క్ పద్ధతిలో (ఒకేసారి వచ్చే ఒక్కో అభ్యర్థనను ఒక్కో ప్రాసెస్, అంటే విడిగా నడిచే ప్రోగ్రామ్ ప్రతి, చూసుకుంటుంది), పీహెచ్‌పీని దానిలోనే కలిపే మాడ్-పీహెచ్‌పీతో నడిపేవాళ్లం. అందులో ప్రతి ప్రాసెస్ పీహెచ్‌పీ స్క్రిప్టులను నడిపే ఇంటర్‌ప్రెటర్‌ను మోస్తుంది కాబట్టి చిన్న బొమ్మను పంపాలన్నా అంత బరువూ కదలాల్సిందే. మేము వాడే లైనక్స్ రకమైన ఉబుంటు ఇచ్చే అపాచీ ప్యాకేజీలో ప్రాసెస్‌ల పరిమితి 150 ఉంటుంది. మా సైటులో ఒక్కోటి దాదాపు 60 ఎంబీ తీసుకునేది, అంటే నిండుగా నడిస్తే 9 జీబీ కావాలి. మా దగ్గర ఉన్నది 2 జీబీ. మెమరీ నిండగానే లైనక్స్ కర్నెల్ డేటాబేస్‌నే ఆపేసేది. ఇది అపాచీ లోపం కాదు, ఆ 150 పరిమితిని మార్చకుండా వదిలేసిన నాదే తప్పు.

ఇప్పుడు అపాచీకి బదులు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌ను, పీహెచ్‌పీని విడి ప్రాసెస్‌లుగా నడిపే ఎఫ్‌పీఎంను వాడుతున్నాం; రెండూ ఉబుంటు 24.04 సొంత ప్యాకేజీలే (ఎన్‌జిన్‌ఎక్స్ 1.24, పీహెచ్‌పీ 8.3). బొమ్మలు, స్టైల్ ఫైళ్లు ఎన్‌జిన్‌ఎక్స్ నేరుగా ఇస్తుంది, స్క్రిప్టులు మాత్రమే ఎఫ్‌పీఎంకు వెళ్తాయి. అసలు స్థిరత్వం మ్యాక్స్ చిల్డ్రన్ (ఒకేసారి నడవగల పీహెచ్‌పీ ప్రాసెస్‌ల గరిష్ఠ సంఖ్య) అనే ఒక్క అంకెలో ఉంది. ప్యాకేజీలో అది 5, మాకు చాలదు. డేటాబేస్‌కు, సిస్టమ్‌కు కలిపి 800 ఎంబీ పక్కన పెట్టి, మిగిలినదాన్ని 60తో భాగించి, కొంత వెసులుబాటు ఉంచి 18గా నిర్ణయించాను. పంతొమ్మిదో అభ్యర్థన వరుసలో కాసేపు ఆగుతుంది, అంతే. మొత్తం సర్వర్ పడిపోవడం కంటే విద్యార్థి రెండు సెకన్లు ఎదురుచూడటమే నయమని గట్టిగా నమ్ముతున్నాను. మెమరీ మెల్లగా పెరిగే పాత స్క్రిప్టులు మా దగ్గర ఉన్నందున, ప్రతి ప్రాసెస్ 500 అభ్యర్థనల తర్వాత కొత్తగా మొదలయ్యేలా కూడా పెట్టాను.

ఇబ్బందులూ ఉన్నాయి. ఫోల్డర్లలో అపాచీ నియమాలు రాసి ఉంచే డాట్-హెచ్‌టీయాక్సెస్ ఫైళ్లను ఎన్‌జిన్‌ఎక్స్ చదవదు. వాటిలోని రీరైట్ (పేజీ చిరునామాలను మార్చే) నియమాలన్నీ తిరిగి రాయడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. అలాంటి ఫైళ్లు ఎక్కువగా ఉన్నవాళ్లు అపాచీ 2.4లో ప్రీఫోర్క్‌కు బదులుగా ఉన్న ఈవెంట్ పద్ధతికి ఎఫ్‌పీఎంను జోడించుకోవడం మేలు. పీహెచ్‌పీ వెర్షన్ మారితే, ఎన్‌జిన్‌ఎక్స్ ఎఫ్‌పీఎంతో మాట్లాడే సాకెట్ ఫైలు పేరులోని అంకె కూడా మారుతుంది. ఎన్‌జిన్‌ఎక్స్ తన సెట్టింగులను పరీక్షించుకునేటప్పుడు ఈ తేడాను పట్టుకోదు, సైటు తెరిచాక 502 అనే ఎర్రర్ కనిపించినప్పుడే తెలుస్తుంది. అందుకే అప్‌గ్రేడ్ పనిని ఫలితాల రోజున ఎన్నడూ పెట్టుకోను, బుధవారం రాత్రి చేస్తాను.