అల్యూమినియం మంచం, నాలుగు ఘాట్లు

వ్యాన్‌లో మంచం, వంటపెట్టె బిగించుకుని కుటుంబంతో తిరగాలనుకునేవాళ్లకు మా తిరుపతి చుట్టుపక్కల ఘాట్లకన్నా గట్టి పరీక్ష దొరకదు. మేం చెక్క, వెల్డింగ్ రెండూ వద్దనుకుని 30×30 మి.మీ. అల్యూమినియం టీ-స్లాట్ ప్రొఫైల్‌తో (పొడవునా నట్టు జారే గాడి ఉండే చదరపు కడ్డీ) చేయించాం. తిరుమల, కాణిపాకం, హార్స్‌లీ హిల్స్, తలకోన చుట్టి వచ్చాక కూడా ఇదే మేలంటాను.

ముందు సరుకు సంగతి. ఊళ్లో అల్యూమినియం షాపుల్లో ఎక్కువగా ఉండేది కిటికీలకు, పార్టిషన్లకు వాడే సెక్షన్. నట్టు జారే గాడి దాంట్లో ఉండదు. ప్రొఫైల్ చెన్నైలో అంబత్తూరు నుంచి తెప్పించాం. కొలతలిస్తే కోసి ఇస్తారు, కోతకింతని వేరే తీసుకుంటారు. ఆ డబ్బుకు వెనకాడొద్దు. కోత కాస్త వంకరపోయినా చట్రం మూలమట్టానికి కూర్చోదు. మీటరు బరువు కిలోలోపే. కానీ వంగకుండా నిలిచే గుణంలో అల్యూమినియం ఉక్కులో మూడో వంతే. ఆరడుగుల మంచానికి నడుమ కాలు వేయించాల్సిందే.

తిరుమలకు వంటపెట్టె తీసుకెళ్లలేదు. నాలుగు బోల్టులు విప్పి ఇంట్లో పెట్టేశాం, కొండ దిగొచ్చాకే మళ్లీ బిగించాం. అలిపిరిలో ప్రతి అరా తెరిచి చూశారు. అక్కడి సిబ్బందిలో ఒకాయన మంచం కింద చెయ్యిపెట్టి తడిమి, "ఏంది సామీ, ఇల్లే కట్టేసినారే!" అన్నాడు. కొండమీద వ్యాన్‌లో పడుకునే ఆలోచన పెట్టుకోకండి. గది దొరక్కపోతే యాత్రికుల వసతి సముదాయాల్లో లాకరు, స్నానం ఉచితమే. పెద్దవాళ్లకు కూడా ఇబ్బంది ఉండదు.

ఎక్కేది 1974 నాటి రెండో ఘాట్ రోడ్డు, దిగేది 1944 నాటి మొదటిది. అసలు పరీక్ష దిగేటప్పుడే. ప్రతి బోల్టు తల మీదుగా బ్రాకెట్ దాకా తెల్ల పెయింట్‌తో సన్నగీత గీయించాం. కిందికొచ్చాక టార్చి వేసి చూస్తే వెనకవైపు మూలలో రెండు గీతలు విడిపోయి ఉన్నాయి. బోల్టు తిరిగిందన్నమాట. అలెన్ కీతో విప్పి, బోల్టు వదులవకుండా పట్టే నీలం రంగు లాక్ జిగురు రెండు చుక్కలు వేసి బిగించాం. తర్వాత పలమనేరు దారిలోని మొగిలి ఘాట్‌లో లారీల వెనక బ్రేకు మీద బ్రేకు వేసుకుంటూ వెళ్లినా అవి మళ్లీ కదల్లేదు. టీ-నట్లలో (గాడిలో కూర్చునే నట్లు) స్ప్రింగు ఉన్నవే కొనండి. నిలువు గాడిలో అవి జారిపోకుండా నిలుస్తాయి, చేతికి పని సులువు.

కాణిపాకంలో దర్శనం, దేవస్థానం గది రెండూ సాఫీగా జరిగిపోయాయి. ఎండే ఎక్కువ. చట్రం వ్యాన్ రేకుకు తగిలేచోట రబ్బరు ముక్క పెట్టకపోతే వేడి నేరుగా మంచంలోకి వస్తుంది. అక్కడి నుంచి పలమనేరు దాటేదాకా రాత్రిపూట ఎక్కడా ఆగొద్దు, కౌండిన్య అడవి ఏనుగులు తిరిగే ప్రాంతం అది.

హార్స్‌లీ హిల్స్ రాత్రే అన్నిటికన్నా బాగుంది. 1,200 మీటర్లకు పైన ఎత్తు, నీలగిరి చెట్ల వాసన, వ్యాన్ తలుపు తీసి పెడితే దుప్పటి కావాల్సొచ్చింది. అమ్మకు గది తీసుకున్నాం, మేం ఆవరణలోనే అడిగి వ్యాన్‌లో పడుకున్నాం. అంతకుముందు మదనపల్లెలో ఆగిన లాడ్జిలో వేడినీళ్లని చెప్పి చన్నీళ్లిచ్చారు. ఆ పూట మా వంటపెట్టె స్టవ్వే ఆదుకుంది.

వచ్చేటప్పుడు భాకరాపేట మీదుగా తలకోన. 270 అడుగుల జలపాతం కింద నిలబడితే పిల్లలు కదలమంటే కదల్లేదు. అక్కడ కోతులు జాస్తి. వంటపెట్టెకున్న అయస్కాంతం తలుపు లాగి రొట్టెల ప్యాకెట్ ఎత్తుకుపోయాయి. నొక్కితే తెరుచుకునే గొళ్లెం పెట్టించుకోండి. చీకటి పడకముందే అడవి దాటాం. అటవీ శాఖ అనుమతించిన బసలు తప్ప వేరే చోట రాత్రి ఉండకూడదు.

ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సీట్లు తీసేసి మంచం వేయాలనుకుంటే ముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా తెచ్చుకోండి.

ఇంటికొచ్చాక అమ్మ ఎక్కేవైపు అడ్డొస్తోందని వంటపెట్టెను ఎడమ నుంచి కుడికి మార్చాం. కొత్త ముక్క ఒక్కటీ కొనలేదు, రంధ్రం ఒక్కటీ వేయలేదు. మధ్యాహ్నం మొదలెడితే టీ టైముకి పని అయిపోయింది.