కారంపూడిలో మందపోరు రోజు

పల్నాటి యుద్ధంలో పోయిన వీరుల్ని తలుచుకుంటూ కారంపూడిలో జరిపే పల్నాటి వీరుల ఉత్సవాలకి వెళ్లాలని నాన్న ఎన్నేళ్లుగానో అంటున్నారు, ఈసారి కార్తీక అమావాస్య దాటిన రెండో రోజు ఇద్దరం బయల్దేరాం. గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ల మీదుగా ఆర్టీసీ బస్సులో దాదాపు మూడు గంటలు పట్టింది. పిడుగురాళ్ల దగ్గర సున్నం బట్టీల పొగ, దుమ్ము బాగా ఉంటుంది, కిటికీ పక్కన కూర్చుంటే మొహానికి గుడ్డ కట్టుకోండి.

ఉత్సవం అయిదు రోజులు. రాచగావుతో మొదలై రాయబారం, మందపోరు, కోడిపోరు, చివరికి కల్లిపాడు. జనం ఎక్కువగా కోడిపోరు నాడు వస్తారు, కానీ ఒక్కరోజే వీలైతే మూడో రోజు, అంటే మందపోరు రోజు వెళ్లమని చెప్తాను. పల్నాటి యుద్ధం అనగానే మనకి బాలచంద్రుడు, నాగమ్మ, కోడిపందెం గుర్తొస్తాయి గానీ గురజాల, మాచర్ల రెండూ పక్కపక్క చిన్న రాజ్యాలు, ఒకే ఇంటి అన్నదమ్ముల వాటాలు. 12వ శతాబ్దంలో కోడిపందెంలో ఓడి మాచర్ల వాళ్లు మండాది అడవికి వెళ్తే అక్కడ వాళ్ల ఆవుల మందల మీద గురజాల వాళ్లు దాడి చేయించారని కథ, అదే మందపోరు. చూడ్డానికి పొలిమేర గొడవే, రాజులు ఎదురుపడ్డ యుద్ధం కాదు, అయినా ఊరు దానికి ఒక రోజంతా కేటాయించింది, నాకు అది చాలా గొప్పగా అనిపించింది.

పొద్దున్నే నాగులేటి దగ్గరికి వెళ్లాం. వీరాచారం, అంటే ఆ వీరుల్నే దేవుళ్లుగా కొలిచే ఆచారం, పాటించే కుటుంబాల వాళ్లు, ఆచారవంతులు అంటారు, తమ వంశం వీరుడి ఆయుధాన్ని ఇంటి నుంచి మోసుకొస్తారు, దాన్నే కొణతం అంటారు. ఒక పెద్దాయన నీళ్లలో మోకాళ్ల దాకా దిగి కొణతాన్ని చేత్తో తోముతున్నారు, తర్వాత పిడి దగ్గర నుంచి మొన దాకా పసుపు రాసి, బొట్లు పెట్టి, కొత్త గుడ్డ చుట్టారు. మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. అయ్యాక నాన్నని చూసి "ఏ ఊరు బాబూ మీది?" అన్నారు. చెప్తే, "మా తాత ఎడ్లబండి మీద తెచ్చేవాడు, నేను బస్సులో తెస్తున్నా, కండక్టరు కూడా దండం పెట్టాడు" అన్నారు.

మధ్యాహ్నం చాపకూడు. మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని, మాల కులంలో పుట్టిన కన్నమదాసుని కొడుకుగా చూసుకుని సేనాపతిని చేశాడని చెప్తారు కదా, ఆ జ్ఞాపకంగానే ఈ భోజనం. మందల మీద దాడిని తలుచుకునే రోజే ఈ బంతి కూడా పెట్టడం నన్ను బాగా కదిలించింది. వేడి అన్నం, పప్పు, గోంగూర, మజ్జిగ. నా పక్కన ఎవరు కూర్చున్నారో వాళ్ల పేరు కూడా అడగలేదు, ఎవరూ నన్ను అడగలేదు. వడ్డించేవాళ్లు అడక్కుండానే రెండోసారి పెట్టారు.

వీరుల గుడిలో పెద్ద విగ్రహాల కోసం వెతక్కండి, వీరుల పేరుతో కొలిచే లింగాల్లాంటి రాళ్లు ఉంటాయి. రాత్రి వీరవిద్యావంతుల, అంటే పల్నాటి వీరుల కథ పాడేవాళ్ల, పాట మొదలైంది, రాయబారానికి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్న అలరాజు ఘట్టం వచ్చేసరికి మా వెనక ఉన్న ముసలామె ఏడుస్తూనే ఉంది. ఆ పాట కోసమైనా రాత్రి ఉండాలి.

బస విషయం మాత్రం కష్టం. కారంపూడిలో దొరికిన లాడ్జిలో రూముకి మామూలు రేటుకి రెండింతలు తీసుకున్నారు, బాత్రూంలో నీళ్లు తెల్లారేదాకా రాలేదు, అడిగితే పండగ కదా సార్ అన్నారు. పెద్దవాళ్లతో వెళ్తే పిడుగురాళ్లలోనో మాచర్లలోనో ముందే మాట్లాడుకోండి. మరుగుదొడ్లు చాలవు, ఆడవాళ్లకి ఇబ్బందే, ఇన్నివేల మంది వచ్చే చోట ఇది తప్పకుండా సరిచేయాలి. టిఫిన్లు మాత్రం బావున్నాయి, బస్టాండు దగ్గర బండి మీద అల్లం పచ్చడితో పెసరట్టు పెడుతున్నారు.

మర్నాడు మాచర్లలో చంద్రవంక ఒడ్డున చెన్నకేశవస్వామి గుడికి వెళ్లాం. మధ్యాహ్నం తలుపులు మూసి ఉన్నాయి, మండపంలో నాలుగింటిదాకా కూర్చున్నాం, నాన్న స్తంభాల మీద బొమ్మల్ని ఒక్కొక్కటీ తడుముతూ తిరిగారు. అక్కణ్నుంచి ఎత్తిపోతల జలపాతం, నాగార్జున సాగర్ దగ్గరే, మేం వెళ్లలేదు. నాన్న మళ్లీ కారంపూడి బస్సు ఎక్కుదాం, కల్లిపాడు చూసే ఇంటికెళ్దాం అన్నారు, ఎక్కేశాం.