మ్యాష్: మూడో సీజనా, నాలుగో సీజనా?

కొరియా యుద్ధకాలపు సంచార సైనిక ఆసుపత్రి కథగా అమెరికా టీవీ చానల్ సీబీఎస్‌లో వచ్చిన ‘మ్యాష్’ ధారావాహికలో ఒక్క సీజన్ చూసే తీరికే ఉన్నవారు 1974-75 నాటి మూడోదాన్ని, 1975-76 నాటి నాలుగోదాన్ని పక్కపక్కన పెట్టి చూడాలి.

మూడోదానిలో హాస్యానిదే పైచేయి. అధికారి అయ్యుండీ ఎవరినీ అదుపు చేయలేని హెన్రీ బ్లేక్, సర్జన్లు హాకై, ట్రాపర్‌ల అల్లరి, దానికి బలయ్యే తోటి సర్జన్ ఫ్రాంక్ బర్న్స్‌తో చాలా ఎపిసోడ్లు తేలిగ్గా సాగిపోతాయి. ఆ తేలికదనానికి అలవాటుపడిన ప్రేక్షకుణ్ణి చివరి ఎపిసోడ్ నిలువునా కుంగదీస్తుంది. ఇంటికి బయలుదేరిన హెన్రీ విమానాన్ని జపాన్ సముద్రం మీద కూల్చేశారని, ఎవరూ బతకలేదని ఆసుపత్రి గుమాస్తా ‘రాడార్’ శస్త్రచికిత్స గదిలోకి వచ్చి చదువుతాడు. మాస్కుల వెనక వైద్యులు మౌనంగా పని కొనసాగిస్తుండగా ఏదో పరికరం కిందపడిన చప్పుడొక్కటే వినిపిస్తుంది.

నాలుగోదానిలో హెన్రీ స్థానంలోకి వృత్తి సైనికుడైన కల్నల్ పాటర్, ట్రాపర్ స్థానంలోకి భార్యాబిడ్డల మీద బెంగపెట్టుకున్న సర్జన్ బీజే వస్తారు. నవ్వులు కొంత తగ్గినా మనుషులకు లోతు పెరిగింది. విలేకరి ప్రశ్నలకు పాత్రలు జవాబిచ్చే చివరి ఎపిసోడ్‌ను పాత వార్తాచిత్రంలా నలుపు తెలుపుల్లో, నేపథ్యపు నవ్వులు లేకుండా తీశారు.

మొత్తంగా నా మొగ్గు నాలుగోదానికే. ఒకే ఎపిసోడ్ అయితే మాత్రం హెన్రీ వీడ్కోలుకు సాటి లేదు. అన్నట్టు, పాటర్‌గా నటించిన హ్యారీ మోర్గనే మూడో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో మతి చలించిన జనరల్‌గా కనిపిస్తాడు.