మంచుకొండల ప్రతిబింబాల కోసం హిమాలయాల్లో సరస్సులు: ఏది బాగుంది, రాత్రి ఎక్కడ ఉండాలి

నీళ్లలో కొండ ఫోటో కావాలంటే అందరూ ముందు ఏ సరస్సు బాగుంటుందనే అడుగుతారు, నేనైతే రాత్రి ఎక్కడ పడుకుంటామన్నదే ముందు చూస్తా. నీళ్లు అద్దంలా ఉండేది తెల్లవారుజామునే కదా, ఎండెక్కి లోయ వేడెక్కిందంటే గాలి మొదలవుతుంది, ఇక ఎంత పేరున్న సరస్సైనా అలలే. గంట ప్రయాణం చేసి చేరుకునే సరస్సు కంటే పది నిమిషాల్లో నడిచి వెళ్లే చిన్న మడుగే నయం అనిపిస్తుంది నాకు.

అన్నిట్లో నాకు బాగా నచ్చింది ఉత్తరాఖండ్‌లోని దేవరియా తాల్. దాదాపు 2,400 మీటర్ల ఎత్తులో అడవి మధ్య చిన్న సరస్సు, ఎదురుగా 7,138 మీటర్ల చౌఖంబా శిఖరం. కింద సారి ఊరి నుంచి సుమారు 3 కిలోమీటర్లు ఎక్కాలి. ఊళ్లో హోమ్‌స్టేలు హాయిగానే ఉంటాయి కానీ అక్కడ పడుకుంటే చీకట్లోనే టార్చ్ పెట్టుకుని బయల్దేరాలి, అందుకే పైన దగ్గర్లో క్యాంప్ దొరికితే అదే తీసుకోండి. టెంట్లు ఎక్కడ వేసుకోవచ్చన్న రూల్స్ మారుతుంటాయి, ఊళ్లో అడిగి కన్ఫర్మ్ చేసుకున్నాకే డబ్బులు కట్టండి. చౌఖంబా ఉత్తరం వైపు ఉంటుంది కాబట్టి దక్షిణపు ఒడ్డుకి వెళ్లాలి. పొద్దెక్కేకొద్దీ మబ్బులు కమ్ముకుంటాయి, అక్టోబర్, నవంబర్లలో మాత్రం ఆకాశం చాలావరకు తేటగా ఉంటుంది.

నేపాల్‌లో పోఖరా ఫేవా తాల్ సంగతి వేరు. హోటళ్లన్నీ లేక్‌సైడ్‌లోనే, సౌకర్యాలకి లోటు లేదు, కానీ అక్కడ ఒడ్డున నిలబడి సరస్సు వైపు చూస్తే 6,993 మీటర్ల మచ్ఛపుచ్ఛ్రే శిఖరం మన వెనకాల ఉంటుంది! ప్రతిబింబం కావాలంటే అవతలి దక్షిణపు ఒడ్డుకి, శాంతి స్తూపం కొండ కింద వైపుకి పడవలో పోవాలి. బుక్ చేసేముందు పడవ ఎన్నింటికి తీస్తారో అడగండి, ఎండొచ్చాక తీస్తామంటే మన పనికి అది పనికిరాదు. అవతలి ఒడ్డునే గది దొరికితే ఈ తిప్పలే ఉండవు. జనం తక్కువుండాలంటే అక్కడికి కొంచెం దూరంలో బేగ్నాస్ తాల్ ఉంది, నేనైతే ఒక తెల్లవారుజాము దానికే ఇస్తా.

హిమాచల్ చంద్రతాల్ దాదాపు 4,300 మీటర్లు. ఒడ్డున టెంట్లు వేయనివ్వరు (అది మంచి పనే, ఆ నీళ్లు అంత తేటగా ఉన్నాయంటే అందుకే), క్యాంపులు కొన్ని కిలోమీటర్ల ఇవతల ఉంటాయి, బండి దిగాక కూడా కాస్త నడవాలి. కాబట్టి డ్రైవర్‌తో ముందురోజు సాయంత్రమే మాట్లాడుకోండి, చీకటితో బయల్దేరదామంటే ఒప్పుకుంటాడా లేదా అని. ఒక్కరోజులో కింద నుంచి నేరుగా అంత ఎత్తుకి పోవద్దు, తలనొప్పితో పొద్దున లేవలేకపోతే ట్రిప్ మొత్తం వేస్ట్. లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సుకి రంగుల కోసమైతే వెళ్లండి, అద్దం కోసమైతే నేను చెప్పను, 130 కిలోమీటర్లకి పైగా పొడవున్న నీటి మీద చిన్న గాలికే అలలు లేస్తాయి.

అసలు పెద్ద సరస్సు అక్కర్లేదండీ. శిఖరం మనకి 20 డిగ్రీల ఎత్తులో కనిపిస్తుంటే నీళ్లలో కూడా 20 డిగ్రీల కిందకే కనిపిస్తుంది. కెమెరా నీటికి 30 సెంటీమీటర్ల పైన పెడితే నీటి మీద ఆ ప్రతిబింబం కనిపించే చోటు మన ముందు మీటరు లోపే ఉంటుంది, అదే నిలబడి మనిషెత్తున పట్టుకుంటే నాలుగు మీటర్ల అవతల దాకా నీళ్లుండాలి. అంటే వాన నిలిచిన గుంట కూడా చాలు, వంగి కూర్చోవాలంతే. ఇంకోటి, అవతలి గట్టు మీద చెట్లుంటే పైన కొండ బాగానే కనిపిస్తున్నా నీళ్లలో మాత్రం సగం చెట్లే కనిపిస్తాయి, ఎందుకంటే నీళ్లు చూపించేది మనకంటే కిందనుంచి చూసినట్టుండే కొండని. మ్యాప్‌లో ఒడ్డు ఎంచుకునేటప్పుడు అవతల గట్టు పల్లంగా, ఖాళీగా ఉందా చూసుకోండి. దూరంగా తక్కువ ఎత్తులో కనిపించే కొండల ప్రతిబింబం వెలుగ్గా వస్తుంది, నెత్తిమీద నిలబడ్డట్టుండే కొండది మసగ్గా వస్తుంది, అప్పుడు పైభాగం వెలుగు తగ్గించడానికి గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ (పై సగం ముదురుగా, కింద తేటగా ఉండే అద్దం) బాగా పనికొస్తుంది. పోలరైజర్ (నీటి మీద మెరుపుని తగ్గించే, లెన్స్ ముందు తిప్పే ఫిల్టర్) మాత్రం జాగ్రత్తగా తిప్పండి, ఒక కోణంలో అది ప్రతిబింబాన్నే తుడిచేసి అడుగునున్న రాళ్లు చూపిస్తుంది.

స్టే బుక్ చేసేటప్పుడు గది ఫోటోలు చూడటం కాదు, తెల్లవారకముందే గేటు తీస్తారా, అక్కడినుంచి నీటి దాకా నడకెంత, ఆ దారి చీకట్లో నడవగలిగేదేనా, ఈ మూడూ ఫోన్ చేసి అడగండి, సరిగ్గా చెప్పలేకపోతే ఇంకోటి చూసుకోండి.