బగ్సీ సీగెల్ కోసం లాస్ వేగస్ వెళ్తే: ఎక్కడ దిగాలి, ఏది చూడాలి

లాస్ వేగస్ అనగానే మనవాళ్ల ప్లాన్ అంతా పెద్ద క్యాసినో హోటళ్లున్న స్ట్రిప్ రోడ్డు చుట్టూనే తిరుగుతుంది. అమెరికన్ గ్యాంగ్‌స్టర్ బగ్సీ సీగెల్ గురించి చదివి వెళ్లేవాళ్లు కూడా నేరుగా అతను కట్టించిన క్యాసినో హోటల్ ఫ్లమింగోకే వెళ్తారు. అక్కడ అతని పేరు మిగిలింది కానీ, అతను కట్టించిన గోడ ఒక్కటీ మిగల్లేదు. పాత భవనాల్లో చివరిదాన్ని 1993లో కూల్చేశారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వీధి కుర్రాడు ముఠాల్లో అంత పైకి ఎలా వచ్చాడో చూడాలంటే డౌన్‌టౌన్‌లో దిగండి, స్ట్రిప్‌కి ఒక పూట చాలు.

ముందు స్టూవర్ట్ అవెన్యూలోని మాబ్ మ్యూజియం, అంటే నేరముఠాల చరిత్ర చూపే మ్యూజియం. 1933లో పోస్టాఫీసుకీ, ఫెడరల్ కోర్టుకీ కట్టిన భవనం ఇది. రోజూ ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది. టికెట్ 30 డాలర్ల పైమాటే. క్రైమ్ ల్యాబ్, తుపాకీ సిమ్యులేటర్ లాంటివి కలిపితే ఇంకా ఎక్కువ. చరిత్ర కోసం వెళ్లేవాళ్లకి మామూలు టికెట్ సరిపోతుంది. లిఫ్టులో మూడో అంతస్తుకి వెళ్లి కిందికి దిగుతూ చూడాలి, అప్పుడే కాలక్రమం తప్పదు. మూడు గంటలు కేటాయించండి. హత్యా స్థలాల ఫొటోలు దాపరికం లేకుండా పెట్టారు, చిన్నపిల్లలతో వెళ్లొద్దు.

ఇక్కడ సీగెల్ కథని మూడు మెట్లుగా చూడొచ్చు. 1906లో పుట్టాడు. కుర్రతనంలోనే తోపుడు బండ్లవాళ్లని బెదిరించి మామూళ్లు వసూలు చేశాడు, ఇవ్వనివాళ్ల సరుకు తగలబెట్టాడు. తర్వాత మేయర్ లాన్‌స్కీ (మేయర్ అతని పేరే, పదవి కాదు) అనే మరో ముఠా మనిషితో జట్టు. అమెరికాలో మద్యనిషేధం ఉన్న రోజుల్లో లెక్కలు లాన్‌స్కీవి, తుపాకీ సీగెల్‌ది. 1931లో న్యూయార్క్ మాఫియా పెద్దలు ఇద్దరూ, ఏప్రిల్‌లో మాసెరియా, సెప్టెంబరులో మారన్జానో, హతమయ్యారు. పాత పెద్దలిద్దరూ పోయాక పెత్తనం లక్కీ లూచియానో అనే కొత్త ముఠా నాయకుడి తరానికి వచ్చింది. ఆ తరంతో మొదటినుంచీ ఉన్నవాడు కాబట్టి సీగెల్ కూడా పైకి లేచాడు.

అసలు మెట్టు మూడోది: గుర్రప్పందేల వైర్. చాలామంది సందర్శకులు దీన్ని పట్టించుకోకుండా దాటేస్తారు, అదే పొరపాటు. రేసు ఫలితం టెలిగ్రాఫ్ మీద బుకీ (పందేలు కట్టించుకునేవాడు) దుకాణానికి చేరేది. వైర్ లేని బుకీకి ఫలితం ఆలస్యంగా తెలుస్తుంది. ఈలోగా ఫలితం ముందే తెలిసినవాడు వచ్చి గెలిచిన గుర్రం మీద పందెం కాసి వెళ్తాడు, దుకాణం మునుగుతుంది. అందుకే వైర్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు అడిగినంత అద్దె ఇవ్వక తప్పదు. 1930ల మధ్యలో కాలిఫోర్నియాకి మారిన సీగెల్ పశ్చిమ తీరంలో పట్టుకున్నది ఈ వ్యాపారాన్నే. నెవాడాలో 1931 నుంచే జూదం చట్టబద్ధం కావడంతో ఇక్కడ దాక్కోవాల్సిన పని కూడా లేకపోయింది. లాస్ వేగస్‌లో సీగెల్ తరఫున ఆ పనులు చూసినవాడు మో సెడ్వే.

రెండో అంతస్తులో పునరుద్ధరించిన కోర్టు గది ఉంది. 1950 నవంబరు 15న ముఠా నేరాలపై విచారణ జరిపిన సెనేటర్ కెఫావర్ కమిటీ ఇక్కడే కూర్చుంది, సాక్షుల్లో సెడ్వే ఒకడు. అప్పటికి సీగెల్ పోయి మూడేళ్లు దాటింది. కాసేపు ఆ బల్లల మీద కూర్చుని చూడండి. మ్యూజియం మొత్తంలో నకలు కానిది ఈ గదే అనిపిస్తుంది.

అక్కణ్ణించి పది నిమిషాల నడకలో ఫ్రీమాంట్ స్ట్రీట్ మీద ఎల్ కోర్టెజ్ వస్తుంది. వేసవిలో మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది, ఈ నడక పొద్దున్నే పెట్టుకోండి. 1941లో తెరిచిన ఈ హోటల్‌ని 1945లో సీగెల్, లాన్‌స్కీ బృందం 6 లక్షల డాలర్లకి కొని, మరుసటి ఏడాది 7,66,000కి అమ్మింది. ఆ డబ్బు ఫ్లమింగోలోకి వెళ్లింది. క్యాసినో పైనున్న పాత గదులకి మెట్లు తప్ప లిఫ్టు లేదు. పెద్దవాళ్లు, బరువైన సూట్‌కేసులు ఉంటే టవర్‌లో గది అడగండి. 21 ఏళ్ల లోపువాళ్లకి ప్రవేశం లేదు కాబట్టి కుటుంబంతో వెళ్లేవాళ్లు వేరే చోటు చూసుకోవాలి. ఎక్కడ తీసుకున్నా రిసార్ట్ ఫీజు (గది అద్దెకి అదనంగా హోటల్ వసూలు చేసేది), పన్ను కలిపిన మొత్తం చూశాకే బుక్ చేయండి. స్ట్రిప్ హోటళ్లలో గది అద్దె కన్నా ఫీజే ఎక్కువైన రోజులుంటాయి.

ఫ్లమింగోకి డ్యూస్ బస్సు ఉంది, రాత్రంతా నడుస్తుంది, 24 గంటల పాస్ తీసుకోవడం మేలు. సాయంత్రం రద్దీలో స్ట్రిప్ మీద బస్సు నత్తనడకే. హోటల్ వెనక తోటలోకి ప్రవేశం ఉచితం. ఫ్లమింగో పక్షుల్ని దాటి పెళ్లి చాపెల్ వైపు నడిస్తే రాతి దిమ్మె మీద సీగెల్ స్మారక ఫలకం కనిపిస్తుంది. అరగంట చాలు. 1946 డిసెంబరు 26న క్యాసినో తెరిచేనాటికి గదులు పూర్తికాలేదు. వచ్చినవాళ్లు ఇక్కడ ఆడి, పడుకోవడానికి పక్క హోటళ్లకి పోయేవారు. గెలిచిన డబ్బూ వాళ్లతోనే పోయేది. ఖర్చు 60 లక్షల డాలర్ల దాకా పెరిగింది, జనవరి చివర్లో మూసి మార్చిలో మళ్లీ తెరిచారు. 1947 జూన్ 20న బెవర్లీ హిల్స్‌లో కిటికీ బయటినుంచి సీగెల్‌ని కాల్చి చంపారు. ఆ కేసులో ఎవరికీ శిక్ష పడలేదు.

లాస్ ఏంజిలెస్ దాకా వెళ్లే ఆలోచన ఉంటే కారులో నాలుగు గంటల పైనే, ఆదివారం మధ్యాహ్నం బయల్దేరితే ఇంకా చాలా ఎక్కువ. సీగెల్‌ని కాల్చి చంపిన బెవర్లీ హిల్స్ లిండెన్ డ్రైవ్‌లోని ఇల్లు ప్రైవేటు నివాసం, రోడ్డు మీదినుంచే చూసి వెళ్లిపోవాలి. సమాధి హాలీవుడ్ ఫరెవర్ శ్మశానవాటికలో, బెత్ ఓలమ్ మసోలియం (సమాధి మందిరం) లోపల ఉంది. వెళ్లేముందు లోపలికి అనుమతించే వేళలు కనుక్కోండి.