రేవు దాకా అంబాసిడర్, ఆపైన పంటు

1980ల్లో షేరు టాక్సీలో కాకినాడ నుంచి అమలాపురం రావాలంటే యానాం రేవులో బండి దిగి, పంటు (రేవు దాటించే పెద్ద బల్లకట్టు) మీద గౌతమి అనే గోదావరి పాయ దాటి, ఎదుర్లంకలో ఇంకో బండి వెతుక్కోవాలి. 2002లో బాలయోగి వారధి వచ్చాక ఆ తంటా పోయింది. సామాను ఎక్కువైతే అప్పట్లో రావులపాలెం చుట్టు తిరిగి రావడమే నయం. దూరం ఎక్కువే గానీ దింపుడు, ఎక్కుడు తక్కువ.

ఆర్టీసీ బస్సుకు టైముండేది, టాక్సీకి నిండటమే టైము. "ఇంకొక్కరేనండి, ఆయ్, వెళ్లిపోదాం" అంటే కనీసం ముగ్గురు రావాలని అర్థం. పొద్దున సంతల వేళ ఇట్టే నిండేది, మధ్యాహ్నం మాత్రం బస్సే మేలు.

పాత అంబాసిడర్‌కి గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండేది, ముందు సీటు ఒకటే బల్ల. అందుకే డ్రైవరుతో కలిపి ముందు నలుగురు, వెనక ఐదుగురు. ఒళ్లో పిల్లలు లెక్కలోకి రారు. డ్రైవరు లోపలికి ఒరిగి తన కుడి పక్కన కూడా ఒకర్ని ఇరికించేవాడు. ఆ చోటు ఊరికే ఇచ్చినా వద్దు: తలుపు గొళ్లెం అరిగిన బండైతే వంపులో తెరుచుకుంటుంది. వెనక నడిమి సీటుకు కాళ్ల కింద షాఫ్టు దిమ్మ. ఎడమ కిటికీ దొరికితే అదృష్టమే, ఎదురు లారీల దుమ్మూ తక్కువ.

బరువు ఆపడానికి వెనక కమాన్ కట్టలో (చక్రాల మీద బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులో) అదనంగా ఓ పట్టీ వేయించేవారు. నిండు బండి బాగానే పోయేది, ఖాళీ బండి మాత్రం ఎత్తి కుదేసేది. నిండు బండి రేవు గట్టు ఎక్కేది ఫస్టు గేర్లోనే. ఇంజిన్ తిరుగుడు ఎక్కువ, తగిలే గాలి తక్కువ, దాంతో రేడియేటర్ మరిగేది. తెలిసిన డ్రైవరు బానెట్ ఎత్తి, వేడి తగ్గాక గుడ్డ వేసి మూత తిప్పేవాడు. తొందరపడితే ఆవిరికి చెయ్యి కాలిపోతుంది. కాలవ నీళ్లు పోస్తే ఒండ్రు పేరుకుని గొట్టాలు పూడిపోతాయి. వేసవిలో యానాం దగ్గర నది నీళ్లు ఉప్పు, అవి పోస్తే తుప్పే. అందుకే మంచినీళ్ల డబ్బా డిక్కీలో ఉన్న బండినే ఎక్కడం తెలివి.

అంతర్వేది తీర్థానికి నరసాపురం వైపు నుంచి వెళ్లేవాళ్లకు సఖినేటిపల్లి రేవులో దిగగానే టాక్సీలుండేవి. ఆటు వేళ పంటు ఇసుక మేటకి తగిలితే పోటు వచ్చేదాకా ఆగాల్సిందే. కాబట్టి ఆఖరి పంటు మీద ఆశ పెట్టుకోకుండా రాత్రికి అంతర్వేది సత్రంలోనే పడుకోవడం మంచిది.

1990ల్లో ఇసుజు ఇంజిన్ అంబాసిడర్ వచ్చింది. పికప్ బాగుండేది, గేరు రాడ్డు మాత్రం స్టీరింగు పక్క నుంచి కింద నేల మీదికి దిగింది, ముందు సీట్లు విడిపోయాయి. ముందు ఇరికించే చోటు తగ్గింది కాబట్టి షేరు టాక్సీకి అది చేజారిన కిరాయే.